టీవీ ఎవరింట్లో ఉంది, ఎవరు ఎక్కడ కూర్చున్నారు? అద్దంకి ప్రాంత నిత్యజీవిత చరిత్రలో టెలివిజన్

ఉపోద్ఘాతం

అద్దంకి పేరు చరిత్ర విద్యార్థులకు కొత్తది కాదు. క్రీ.శ. 848 నాటి పండరంగని శాసనం దొరికింది ఇక్కడే. తరువోజ ఛందస్సులో చెక్కిన ఆ పద్యం గురించి మీరు సాహిత్య చరిత్ర పాఠాలలో చదివే ఉంటారు. రెడ్డి రాజులు కొండవీటికి మారక ముందు వారి రాజధాని ఇదే. ఎఱ్ఱాప్రెగడ ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి. గుండ్లకమ్మ ఒడ్డున ఇంత పాత చరిత్ర ఉన్న ఊరి పేరు చెప్పి, ఈ పాఠంలో నేను టీవీ గురించి రాయబోతున్నానంటే మీకు కొంత వింతగా ఉండవచ్చు.

కానీ ఒక్క విషయం ఆలోచించండి. పదకొండు వందల ఏళ్ల కిందటి రాతి మీద అక్షరాలు మనకు మిగిలాయి. నలభై ఏళ్ల కిందట ఈ చుట్టుపక్కల ఊళ్లకు మొట్టమొదట వచ్చిన టీవీ పెట్టెలు మాత్రం మిగలలేదు. పాడైపోయాక అటక ఎక్కాయి, తరువాత పాత సామాను కొనేవాడి బండిలోకి వెళ్లాయి. వాటిలో కనిపించిన బొమ్మల పరిస్థితీ అంతే. ఆ కాలంలో వీడియో టేపు ఖరీదైనది. బ్రిటన్‌లో బీబీసీ వంటి సంస్థే పాత కార్యక్రమాలను చెరిపి అదే టేపు మీద కొత్తవి రికార్డు చేసుకుంది. ఏ ఊళ్లో మొదటి టీవీ ఎప్పుడు వచ్చింది, ఎవరింటికి వచ్చింది, ఎంతమంది చూశారు అన్నది ఏ గ్రామ కరణమూ రాసిపెట్టలేదు. రాజుల దానాలకు శాసనాలున్నాయి. మన ఇంటి సాయంత్రాలకు లేవు. నిత్యజీవిత చరిత్ర రాసేవారికి ఎదురయ్యే మొదటి ఇబ్బంది ఇదే. ఫ్రెంచి చరిత్రకారుడు ఫెర్నాండ్ బ్రాడెల్ తిండి, బట్ట, ఇల్లు వంటి మామూలు విషయాలను చరిత్రలోకి తెచ్చాడని ఇంతకుముందు చదివారు. ఆ వరుసలోకి టీవీనీ చేర్చి చూద్దాం.

పరీక్షల్లో తరచుగా కనిపించే ప్రశ్న ఒకటుంది: టెలివిజన్ వల్ల సమాజానికి మేలా, కీడా? ముప్పై ఏళ్లకు పైగా జవాబు పత్రాలు దిద్దినవాడిగా చెబుతున్నాను, ఆ ప్రశ్నకు వచ్చే జవాబులన్నీ ఒకేలా ఉంటాయి. ఒక పేజీ విజ్ఞానం, ఒక పేజీ వినోదం, చివర పిల్లల చదువు పాడవుతుందన్న హెచ్చరిక. అందులో ఊరు ఉండదు, ఏడాది ఉండదు, మనుషులు ఉండరు. కాబట్టి ప్రశ్నను మార్చుకుందాం. టీవీ పెట్టె ఏ ఇంట్లో, ఏ గదిలో ఉంది? దాని ముందు ఎవరు ఎక్కడ కూర్చున్నారు? దాని కోసం ఏ పని వేళ మారింది? టీవీ విలువ అందులో వచ్చిన కార్యక్రమాలలో కంటే ఈ మూడు ప్రశ్నల జవాబులలోనే ఎక్కువగా తెలుస్తుందన్నది నా అభిప్రాయం.

పల్లె కోసం అనుకున్నది, పల్లెను దాటిపోయింది

మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైంది. 1967 జనవరి 26న రైతుల కోసం 'కృషి దర్శన్' ప్రారంభించి, ఢిల్లీ చుట్టుపక్కల 80 గ్రామాలలో సామూహికంగా చూసే ఏర్పాటు చేశారు. అంటే మన దేశంలో టీవీ గురించి తొలినాళ్లలో మాట్లాడినవారి మనసులో ఉన్నది డ్రాయింగ్ రూము కాదు, రచ్చబండ. విక్రమ్ సారాభాయ్ ఈ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్లారు. పట్నాల్లో మొదలై నెమ్మదిగా పల్లెలకు పాకే టీవీ మనకు వద్దు, ఉపగ్రహం ద్వారా నేరుగా మారుమూల పల్లెకే చేరాలి అన్నది ఆయన వాదన. 1971 డిసెంబరులో ఆయన మరణించారు. ఆ ఆలోచన మాత్రం 1975 ఆగస్టు 1న 'సైట్' ప్రయోగంగా అమలులోకి వచ్చింది. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలోని దాదాపు 2,400 గ్రామాలకు ఏడాది పాటు రోజుకు నాలుగు గంటల ప్రసారాలు అందాయి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ప్రసారాలు అందుకోవడానికి కోళ్ల గూటికి వాడే వల లాంటి తీగ వలతో మూడు మీటర్ల వెడల్పు డిష్‌లు చేశారు. పెట్టెలను హైదరాబాదులోని ఈసీఐఎల్ తయారుచేసింది.

మన రాష్ట్రం నుంచి ఎంపికైన గ్రామాలు తెలంగాణ, రాయలసీమ జిల్లాలవి. వెనుకబాటుతనమే కొలమానం కాబట్టి కోస్తాకు చోటు లేదు. సాగర్ కాలువ నీళ్లు, వర్జీనియా పొగాకు, కొత్తగా పుంజుకుంటున్న పత్తి, మిరప ఉన్న అద్దంకి ప్రాంతం కాగితం మీద 'ముందున్న' ప్రాంతం. 1976 జులై 31న ప్రయోగం ముగియగానే ఉపగ్రహాన్ని దాని సొంతదారులు వెనక్కి జరుపుకున్నారు. 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం నుంచి మామూలు ప్రసారాలు మొదలయ్యాయి గానీ అవి రాజధాని చుట్టుపక్కలకే పరిమితం.

ఆ తరువాత అయిదేళ్లకు కథ దారి మారింది. 1982 నవంబరులో ఢిల్లీలో ఆసియా క్రీడలు. వాటి కోసం ఆగస్టు 15న రంగుల ప్రసారం, దేశమంతటికీ ఒకే 'జాతీయ కార్యక్రమం' ఒకేసారి మొదలయ్యాయి. 1983 ఆగస్టులో ఇన్‌శాట్-1బి ప్రయోగం విజయవంతమయ్యాక చిన్న పట్టణాలలో వంద వాట్ల తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లు వరుసగా వెలిశాయి. వాటిలో స్టూడియో ఉండదు. పైనుంచి వచ్చింది కిందికి పంపడమే వాటి పని. అంటే ఒక ఊరికి టీవీ వచ్చిందంటే ఆ ఊరి మాట టీవీలోకి వెళ్లిందని కాదు. సాయంత్రం కొంతసేపు హైదరాబాదు నుంచి తెలుగు, రాత్రి ఎనిమిదిన్నర దాటాక ఢిల్లీ నుంచి హిందీ, ఇంగ్లీషు. ఈ ఢిల్లీ పెత్తనాన్ని ప్రభుత్వం నియమించిన పి.సి. జోషి కమిటీయే తన నివేదికలో గట్టిగా విమర్శించింది. భారత టెలివిజన్‌కు భారతీయమైన వ్యక్తిత్వం ఉండాలన్నది ఆ నివేదిక సారం. దాన్ని ఎంతవరకు పట్టించుకున్నారో తరువాతి పదేళ్ల కార్యక్రమాలు చూసినవారికి తెలుసు.

ఇక్కడ ఒక్క మాట పక్కకు వెళ్లి చెబుతాను. 1983 జనవరి ఎన్నికలలో ఎన్.టి. రామారావు పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే అధికారంలోకి రావడం మన రాష్ట్ర రాజకీయాలలో పెద్ద మలుపు. ఆ ప్రచారం నడిచింది చైతన్యరథం మీద, మైకులో, గోడల మీద, దినపత్రికల్లో. అప్పటికి మన పల్లెల్లో టీవీ లేదు. టీవీ లేకుండా జనాభిప్రాయం ఇంత వేగంగా మారదని అనుకునేవారు ఈ తేదీని గుర్తుపెట్టుకోవాలి.

తెలుగు వార్తలు మొదలైంది 1983 నవంబరు 14న. తొలి వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారికి ఎదుట అక్షరాలు నడిచే టెలిప్రాంప్టర్ లేదు. వార్తలను కంఠస్థం చేసి, ప్రేక్షకుల కళ్లలోకి చూస్తున్నట్లు చెప్పేవారు. 2024 ఏప్రిల్‌లో ఆయన మరణించినప్పుడు మా తరంవాళ్లకు ఇంట్లో పెద్దమనిషి పోయినట్లే అనిపించింది. రోజూ ఒకే వేళకు ఒకే మనిషి మన ఇంట్లోకి వచ్చి మాట్లాడటం అంతకుముందు ఎరగని అనుభవం. రేడియోలో గొంతు వచ్చేది, మనిషి వచ్చేవాడు కాదు.

చాప, అరుగు, కిటికీ

అద్దంకికి దగ్గరలోని మా ఊరికి మొదటి టీవీ 1984లో ఒక పొగాకు వ్యాపారి ఇంటికి వచ్చింది. నలుపు తెలుపు పెట్టె, చెక్క తలుపులు, తాళం. డాబా మీద రెండు ఇనుప గొట్టాలు అతికించి నిలబెట్టిన ఏరియల్. గాలి వీస్తే బొమ్మ పోయేది. ఒకడు డాబా ఎక్కి తిప్పడం, ఇంకొకడు వాకిట్లో నిలబడి 'వచ్చింది, ఆగు, పోయింది' అని అరవడం ఆనాటి సాయంత్రాల తంతు. ట్రాన్స్‌మిటర్‌కు దూరంగా ఉన్న ఊళ్లన్నింటిలోనూ ఇదే. ఏరియల్‌కు బూస్టర్, పెట్టెకు స్టెబిలైజర్, కరెంటు పోతే ట్రాక్టర్ బ్యాటరీ. ఆ పెట్టె ఖరీదు మూడు వేల పైచిలుకు. మా ఊరి కూలి రేట్ల ప్రకారం ఆడమనిషికి ఏడాది పొడవునా పని దొరికినా అంత మొత్తం చేతికి వచ్చేది కాదు. ఏడాదంతా పని దొరికేదీ కాదు.

1984 నవంబరు 3న ఇందిరాగాంధీ అంత్యక్రియలు చూడటానికి ఊరు ఊరంతా ఆ ఇంటి ముందుకు వచ్చింది. ఇలా పొరుగింటి టీవీ ముందు గుంపుగా చేరడం మన ఒక్కరి సంగతే కాదు. 1953 జూన్‌లో రాణి ఎలిజబెత్ పట్టాభిషేకం నాడు బ్రిటన్‌లోనూ జనం టీవీ ఉన్న పొరుగువారి ఇళ్లకు చేరారు. అక్కడికీ ఇక్కడికీ తేడా ఒకటే. ఇక్కడ ఇంట్లోకి ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు అన్న నియమం టీవీ కంటే ముందే ఉంది.

సావిట్లో మంచాల మీద ఇంటి మగవాళ్లు, వాళ్ల సాటివాళ్లు. చాపల మీద మాలాంటి పిల్లలు, చదువుకునే కుర్రాళ్లు. వంటింటి గడప దగ్గర ఆడవాళ్లు, సగం చూపు పొయ్యి మీద. అరుగు మీద చాకలి, మంగలి, వడ్రంగి కుటుంబాలు. దళితవాడ నుంచి వచ్చినవారు వాకిలి బయట, కిటికీ దగ్గర. ఎవరూ ఎవరికీ చెప్పినట్లు నాకు గుర్తులేదు. చెప్పాల్సిన అవసరం లేకుండానే అందరూ తమ తమ చోట్లకు వెళ్లారు. ఇదే ప్రకాశం జిల్లాలో, మాకు మరీ దూరం కాని కారంచేడులో 1985 జులై 17న దళితుల మీద జరిగిన హత్యాకాండ గురించి మీరు మరో పాఠంలో చదువుతారు. చెరువు నీళ్ల దగ్గర జరిగిన గొడవతో అది మొదలైంది. చెరువు దగ్గర ఉన్న గీతే టీవీ కిటికీ దగ్గరా ఉంది. కొత్త యంత్రం వచ్చినంత మాత్రాన పాత గీత చెరిగిపోలేదు. ఆ గీతను ఆ యంత్రం రోజూ సాయంత్రం కళ్లకు కట్టినట్లు చూపించింది.

నేను చాప మీద కూర్చున్నవాళ్లలో ఒకడిని. సెలవులకు ఊరు వచ్చిన కాలేజీ కుర్రాడిని. కిటికీ దగ్గర ఎవరు నిలబడ్డారో అప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు. చాలా ఏళ్ల తరువాత, చరిత్ర బోధిస్తూ మౌఖిక ఆధారాల గురించి నా విద్యార్థులకు పెద్ద పెద్ద మాటలు చెబుతున్న రోజుల్లో, మా ఊరి మిరప కల్లంలో పనిచేసే ఒక పెద్దావిడను రామాయణం సీరియల్ గురించి అడిగాను. ఆమె నవ్వి, "మాకు బొమ్మేడ కనపడింది సారూ, మీ తలకాయలే కనపడేయి" అంది. అప్పటిదాకా నా నోట్సులో 'ఊరంతా కలిసి చూసేవాళ్లు' అని రాసుకుని ఉంది. ఆ వాక్యం కొట్టేశాను. మీరు చదివే పుస్తకాలలో 'గ్రామస్థులందరూ కలిసి వీక్షించేవారు' అన్న మాట కనిపిస్తే, ఎక్కడినుంచి వీక్షించేవారు అని పక్కన పెన్సిలుతో రాసుకోండి.

దళితవాడకు సొంత టీవీ ఎలా వచ్చిందో కూడా ఆమే చెప్పింది. పత్తి తీతకు వెళ్లే ఆడవాళ్ల ముఠా కూలిడబ్బుల్లోంచి వారం వారం కొంత పక్కన పెట్టి, అద్దంకిలో వాయిదాల మీద చిన్న పెట్టె కొన్నారు. దాన్ని ప్రార్థన మందిరం వరండాలో పెట్టారు. అక్కడ కిటికీ అవసరం లేదు. ఆ పెట్టెలో ఏ కార్యక్రమం మొదట చూశారో ఆమెకు గుర్తులేదు. ఎంత కట్టారో, ఎవరు ఎన్ని వాయిదాలు ఎగ్గొట్టారో మాత్రం లెక్క తప్పకుండా చెప్పింది.

1987: ఆదివారం ఉదయం, పత్తి చేను

రామానంద్ సాగర్ 'రామాయణ్' 1987 జనవరి 25న మొదలై 1988 జులై 31 వరకు, 78 భాగాలుగా, ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు వచ్చింది. ఆ వెంటనే 1988 అక్టోబరు 2 నుంచి 'మహాభారత్'. ఆ వేళకు వీధులు ఖాళీ అయ్యేవి, బస్సులు ఆగేవి, కొందరు పెట్టెకు పూలదండ వేసేవారు. ఇవి దేశమంతటా చెప్పుకునే సంగతులే. మన దగ్గర ఇంకొకటి కూడా జరిగింది. మాటలు హిందీలో వచ్చేవి, మా ఊళ్లో హిందీ వచ్చినవారు నలుగురైదుగురు. కానీ కథ తెలియనివారు లేరు. హరికథలు, తోలుబొమ్మలాట, భజన మేళాలు, తెలుగు సినిమాలు చూసి పెరిగిన జనం. ఒక ముసలాయన ముందు కూర్చుని ప్రతి ఘట్టాన్నీ తెలుగులో చెప్పేవాడు. తెర మీద పాత్ర నోరు తెరవకముందే ఆయన దాని మాట చెప్పేసేవాడు. ఢిల్లీ పంపిన హిందీ రామాయణాన్ని ఊరు తన కథకుడితో తెలుగు చేసుకుంది. ప్రేక్షకులు టీవీ ఇచ్చింది ఇచ్చినట్లు మింగుతారన్న సిద్ధాంతానికి ఆ ముసలాయన ఒక్కడే చాలు జవాబు.

అయితే 1987 ఈ ప్రాంతంలో మరొక కారణంగా గుర్తుండిపోయిన ఏడాది. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లో 1970ల చివరినుంచి పత్తి విపరీతంగా పెరిగింది. మొదట్లో బాగా కలిసివచ్చింది. కొత్తగా వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొడితే పురుగు రాలిపోయేది. మోతాదు పెంచి, మందు మీద మందు కలిపి కొట్టడం అలవాటైంది. కొన్నేళ్లకే దాని ఫలితం ఎదురు తిరిగింది. పురుగును తినే పురుగులు చచ్చాయి, తెల్లదోమ విరుచుకుపడింది. శనగపచ్చ పురుగు మందుకు లొంగడం మానేసింది. 1987-88 పంటకాలంలో పెట్టుబడి మొత్తం మందుల దుకాణంలో అరువుగా మారి, చేలో కాయ లేక, ఈ రెండు జిల్లాల్లో పత్తి రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్నారు. తరువాతి కాలంలో దేశమంతా మాట్లాడిన రైతు ఆత్మహత్యల చరిత్రలో తొలి అధ్యాయాలలో ఇది ఒకటి.

ఈ రెండూ ఒకే కాలంలో జరిగాయి. ఆదివారం తొమ్మిదిన్నరకు రామాయణం, పదిన్నరకు మళ్లీ భుజాన స్ప్రేయర్. ఇక్కడ ఆగి ఆలోచించాలి. మన దేశంలో టీవీని తెచ్చిందే రైతుకు సరైన సమయంలో సరైన మాట చెప్పడానికని అన్నారు. అవసరం వచ్చిన ఏడాది పెట్టె ఊళ్లోనే ఉంది. ఆ మాట ఎందుకు అందలేదు?

దూరదర్శన్‌లో రైతుల కార్యక్రమం లేకపోలేదు. కానీ ఒకే హైదరాబాదు కేంద్రం రాష్ట్రమంతటికీ మాట్లాడాలి. శ్రీకాకుళం వరి, అనంతపురం వేరుశనగ, తెలంగాణ జొన్న, మా పత్తి, అన్నిటికీ అదే అరగంట. పురుగు సంగతి అలా కాదు. ఈ వారం ఈ చేలో ఏముందో చూసి చెప్పాల్సిన మాట అది. పైగా సాయంత్రం కార్యక్రమం వచ్చే వేళకు రైతు చేలోనో, దుకాణం బల్ల మీదో ఉన్నాడు. సలహా చెప్పేదీ, మందు అమ్మేదీ, అప్పు ఇచ్చేదీ ఒక్కడే, ఆ దుకాణదారు. అతని ఎదుట అక్షరం ముక్క రాని రైతు కూడా ప్రశ్న అడగగలడు. టీవీని అడగలేడు. 1948 నుంచి ఉన్న విజయవాడ రేడియో కేంద్రం ఈ విషయంలో కొంత మెరుగు. అది కోస్తా పంటల గురించే మాట్లాడేది. ట్రాన్సిస్టర్ గట్టు మీద కూడా మోగేది. అయినా అరువు ఖాతా ముందు రేడియో మాట కూడా నిలబడలేదు. లోపం పెట్టెది అని నేను అనను. వడ్డీ వ్యాపారం, కాలువ చివరి భూములకు అందని నీరు, గిట్టుబాటు కాని ధర, ఇవన్నీ టీవీ తీర్చగలిగినవి కావు. సమాచారం ఇస్తే చాలు, పల్లె మారిపోతుందన్న 1960ల నమ్మకమే తప్పు లెక్క మీద నిలబడింది. సమాచారం ప్రకారం నడుచుకోవడానికి చేతిలో కొంత డబ్బు, కొంత గడువు కూడా ఉండాలి.

దీనికి ఎదురుగా మరో సంగతి పెట్టి చూడండి. 1992లో పొరుగునే ఉన్న నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం ఏడాదిలో రాష్ట్రాన్ని కదిపి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం తెచ్చింది. దానికి నిప్పు అంటించింది అక్షరాస్యతా తరగతి వాచకంలోని ఒక పాఠం, ఆ పాఠం చుట్టూ కూర్చుని ఆడవాళ్లు మాట్లాడుకున్న మాటలు. టీవీ అప్పటికి చాలా ఊళ్లలో ఉంది.

తీగ వచ్చాక

1991 నాటి గల్ఫ్ యుద్ధం ఉపగ్రహ ఛానెళ్ల రుచి చూపించింది. ఒకటి రెండేళ్లలో డిష్ పెట్టి వీధి వీధికీ తీగ లాగే కుర్రాళ్లు చిన్న పట్టణాలన్నిటా పుట్టుకొచ్చారు. 1995 ఫిబ్రవరిలో జెమిని, ఆగస్టులో ఈటీవీ వచ్చాయి. గాలి తరంగాలు ప్రభుత్వం ఒక్కదాని సొత్తు కాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పిందీ, కేబుల్ నియంత్రణ చట్టం వచ్చిందీ అదే ఏడాది. సాయంత్రం మాత్రమే దొరికే తెలుగు ఇప్పుడు రోజంతా దొరికింది. ఈ మార్పు పెద్దది. దీన్ని కేవలం వ్యాపారమని తీసిపారేసే మేధావులతో నేను ఏకీభవించను. పదేళ్ల పాటు సగం అర్థమైన భాష ముందు కూర్చున్నవారికి అది చిన్న విషయం కాదు. అయితే ఆ తెలుగు ఎక్కువగా కృష్ణా, గుంటూరు చదువుకున్నవారి తెలుగు. అద్దంకి వాళ్లకు అది పొరుగింటి మాట, తెలంగాణ వాళ్లకు పరాయి మాట. ఈ అసంతృప్తి తరువాత ఎక్కడికి దారితీసిందో మీకు తెలుసు.

రోజంతా ప్రసారాల వల్ల పని వేళలు మారాయి. ఇందుకు మిరపకాయ మంచి ఉదాహరణ. కల్లంలో ఎండిన కాయల్లోంచి తాలు ఏరడానికి కళ్లు కావాలి. తొడిమ తీయడానికి చేతులు చాలు. కాబట్టి తాలు ఏరడం కల్లంలోనే ఉండిపోయింది. కిలోల లెక్కన చేసే తొడిమల పని మాత్రం మధ్యాహ్నం వేళ ఇళ్లలోకి, టీవీ ముందుకు వచ్చింది. చేతులు ఘాటుకు మండుతుంటే కళ్లు సీరియల్ మీద. బ్రిటన్ విమర్శకుడు రేమండ్ విలియమ్స్ 1974లో రాసిన పుస్తకంలో టీవీని విడి విడి కార్యక్రమాలుగా కాక ఒక ప్రవాహంగా చూడాలన్నాడు. ఆయన మనసులో ఉన్నది సోఫాలో కూర్చున్న ప్రేక్షకుడు. మన దగ్గర ఆ ప్రవాహం పక్కనే ఇంకొక ప్రవాహం, తొడిమల గుట్ట. 'చక్రవాకం', 'మొగలిరేకులు' చూసిన ఆడవాళ్లను బద్ధకస్తులని తిట్టిన మగవాళ్లు ఆ గుట్టను చూడలేదు.

సీరియల్ ప్రభావం గురించి ఒక అధ్యయనం చెప్పాలి. రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఆస్టర్ అనే ఆర్థికవేత్తలు 2009లో ప్రచురించిన పరిశోధనలో, కేబుల్ వచ్చిన గ్రామాలలో భార్యను కొట్టడం తప్పు కాదనే స్త్రీల సంఖ్య తగ్గిందని, కొడుకే కావాలన్న పట్టుదల కూడా తగ్గిందని తేలింది. వారు చూసిన అయిదు ప్రాంతాలలో ఆంధ్రప్రదేశ్ లేదు. అందువల్ల దాన్ని తెచ్చి నేరుగా అద్దంకికి అతికించకూడదు. అదే కాలంలో మా వైపు పెళ్లి సారె సామాను జాబితాలో రంగుల టీవీ తప్పనిసరి అయింది. కొడుకే కావాలనుకోవడం తగ్గించిందంటున్న పెట్టె, కూతురి పెళ్లి ఖర్చును పెంచింది.

రైతు విషయానికి వస్తే, ఈటీవీ 'అన్నదాత'ను పొద్దున్నే, చేలోకి బయలుదేరక ముందే వేయడం తెలివైన పని. సైట్ పథకం రాసినవారికీ, హైదరాబాదు కేంద్రానికీ తట్టనిది ఒక ప్రైవేటు ఛానెల్‌కు తట్టింది. అయితే టీవీలో వ్యవసాయ కార్యక్రమాల నడుమ ప్రకటనలు ఎక్కువగా విత్తనాలవి, పురుగుమందులవి. దుకాణదారు బల్ల కొంత పెట్టెలోకి కూడా వచ్చి చేరిందన్నమాట.

జనాభా లెక్కలు ఈ మార్పును రెండు వరుసల్లో చెబుతాయి. 2001లో దేశంలో 35.1 శాతం ఇళ్లలో రేడియో, 31.6 శాతం ఇళ్లలో టీవీ. 2011కి రేడియో 19.9, టీవీ 47.2. ఆ పదేళ్లలో టీవీ రేడియోను దాటింది. కిటికీ దగ్గర నిలబడటం కూడా అప్పుడే చాలావరకు ముగిసింది. ఎవరి ఇంట్లో వారికి పెట్టె. దీన్ని సమానత్వం అనాలా, విడిపోవడం అనాలా? నా లెక్కలో మొదటిదే ఎక్కువ. కలిసి చూసిన రోజులు బాగుండేవని చెప్పేది ఎప్పుడూ చాప మీద కూర్చున్నవారే.

2020లో బడులు మూతబడినప్పుడు పదో తరగతి పాఠాలు దూరదర్శన్ సప్తగిరిలో వచ్చాయి. అదే మార్చి చివర 'రామాయణ్' కూడా మళ్లీ వేశారు. మా ఊళ్లో పెద్దవాళ్లు సీరియల్ చూశారు, పిల్లలు ఫోను చూశారు.

క్షేత్ర అభ్యాసం

మీ ఊరిలో లేదా వీధిలో మొట్టమొదటి టీవీ చరిత్ర రాయండి. తేదీలు ఎవరికీ గుర్తుండవు. సంఘటనలతో అడగండి: ఇందిరాగాంధీ పోయిన ఏడా, పత్తి పోయిన ఏడా, 1990 మే తుఫానుకు ముందా తరువాతా అని. అద్దంకి వైపు వారు పాత రికార్డుల కోసం వెళ్లేటప్పుడు ఈ ప్రాంతం 1970 వరకు గుంటూరు జిల్లాలో, ఆ తరువాత ఒంగోలు జిల్లాలో ఉందని, ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారని, 2022లో ఈ ప్రాంతాన్ని బాపట్ల జిల్లాలో చేర్చారని గుర్తుంచుకోండి. పెట్టె కొన్న ఇంటివారిని చివర్లో అడగండి. ముందు బయట నిలబడి చూసినవారి దగ్గరికి వెళ్లండి. ఆడవాళ్లతో విడిగా, వీలైతే వాళ్లు పని చేసుకుంటున్నప్పుడే మాట్లాడండి. టీవీలో ఏం చూశారని కాక, ఆ వేళకు ఇంట్లో ఏ పని ఆగింది, ఎవరు చేశారు అని అడగండి. చెప్పినవారి పేరు రాయడానికి వారి అనుమతి తీసుకోండి, ఇష్టపడకపోతే రాయవద్దు. ఆ ఇంటి పటం ఒకటి గీసి, పెట్టె, చాప, అరుగు, గడప, కిటికీ ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎవరెక్కడ ఉన్నారో గుర్తించండి. ఆరు పేజీలు మించకుండా రాసి, పటం జతచేసి, మీ అధ్యయన కేంద్రంలో కౌన్సెలర్‌కు ఇవ్వండి.